నడవ మిగిలితే బడి మిగిలినట్టే

1847లో అమెరికాలోని బోస్టన్‌లో క్విన్సీ గ్రామర్ స్కూలు కట్టేదాకా అక్కడ పెద్ద బడి అంటే పెద్ద హాలు. వందల మంది పిల్లలు ఒకే గదిలో కూర్చునేవారు. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు తలో మూల పాఠం చెబుతుంటే ఒకరి గొంతు ఇంకొకరి పాఠంలో కలిసిపోయేది. క్విన్సీ బడి ఆ హాలును విడగొట్టింది. నాలుగు అంతస్తులు, 12 తరగతి గదులు, గదికి 56 మంది, ప్రతి ఒక్కరికీ సొంత డెస్కు. అందరూ ఒకచోట చేరడానికి పై అంతస్తులో సభామందిరం. వయసును బట్టి తరగతులు విడదీసే పద్ధతికి ఈ భవనాన్ని నాందిగా విద్యా చరిత్రకారులు చెబుతారు. కట్టడం వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. గదులు విడిపోయాక వాటిని కలిపే దారి ఒకటి కావలసి వచ్చింది. బడి ప్లానులో నడవకు స్థానం అలా ఖాయమైంది.

తర్వాతి వందేళ్లలో ఈ నమూనా మీద కట్టిన బడులు లెక్కకు మించి వచ్చాయి. ఆ తర్వాత మూతపడటం మొదలైంది. పిల్లల సంఖ్య తగ్గింది, నగరాల నడిబొడ్డు నుంచి కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి, చిన్న బడులను పెద్దవాటిలో కలిపేశారు. ఖాళీ అయినవాటిలో చాలా భవనాలు నేలమట్టమయ్యాయి. కొన్ని మాత్రం మ్యూజియంలుగా, గ్రంథాలయాలుగా, నాటకశాలలుగా, సామాజిక కేంద్రాలుగా రెండో జీవితం మొదలుపెట్టాయి. బడి భవనం ఇంత సులువుగా ఎలా మారుతుందని అడిగితే ఎప్పుడూ వినిపించే జవాబు ఒకటే: గదులు విశాలం, గోడలు దిట్టం, కప్పు ఎత్తు. అబద్ధమేమీ కాదు, కానీ ఈ మూడూ పాత గోదాములకూ ఉంటాయి. గోదాముకు లేనిదీ బడికి ఉన్నదీ మరొకటి. ఐదారు వందల మంది, అదీ నడవమంటే పరుగెత్తే వయసువాళ్లు, ఒకేసారి లోపలికి వచ్చి, చెదిరి, మళ్లీ ఒకేసారి బయటికి పోవడానికి వీలుగా అమర్చిన లోపలి దారి. పాత బడి ప్లానులో వెలుగుకు ఒక లెక్క, గాలికి ఒక లెక్క, జనం కదలికకు ఒక లెక్క ఉంటాయి. భవనాన్ని కొత్త పనికి మార్చేటప్పుడు మొదటి రెండింటినీ అందరూ మెచ్చుకుంటారు. మూడోదాని మీదే ముందుగా సుత్తి పడుతుంది.

వెలుగు లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. పక్క గోడలో ఉన్న కిటికీ నుంచి వచ్చే పగటి వెలుగు, ఆ కిటికీ పైఅంచు ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరం వరకే చదువుకోవడానికి పనికొచ్చేలా లోపలికి చేరుతుంది. గది లోతు 24 అడుగులైతే కిటికీ పైఅంచు 12 అడుగుల ఎత్తుకైనా వెళ్లాలి. కప్పు దానికి ఇంకా పైన ఉండాలి. పాత బడుల్లో ఆ ఎత్తు ఠీవి కోసం పెట్టింది కాదు. కిటికీకి అందరికంటే దూరంగా కూర్చున్న పిల్లవాడి పుస్తకం దాకా వెలుగు చేరాలని పెట్టింది. లండన్ స్కూల్ బోర్డుకు ఆర్కిటెక్టుగా పనిచేసిన ఇ. ఆర్. రాబ్సన్ 1874లో బడుల నిర్మాణం మీద వెలువరించిన గ్రంథంలో వెలుగు పిల్లల ఎడమ వైపు నుంచి రావాలని చెప్పాడు. కుడిచేత్తో రాసేటప్పుడు చేతి నీడ అక్షరాల మీద పడకూడదన్నది కారణం. ఎడమచేతి వాటం పిల్లల గురించి ఆ కాలం దిగులు పడలేదు, వాళ్లతోనూ కుడిచేత్తోనే రాయించింది. డెస్కులు నేలకు బిగించి ఉండేవి కనుక ఒకసారి నిర్ణయించిన దిశ ఇక మారేది కాదు. కిటికీలన్నీ ఒక గోడకు గుత్తిగా చేరాయి, నల్లబల్ల ఇంకో గోడకు వెళ్లింది. మిగిలిన గోడలు దాదాపు బోసిగా ఉండిపోయాయి.

ఎత్తయిన గది, ఒక పక్క నుంచి నిలకడగా వచ్చే వెలుగు, మిగతా వైపుల ఖాళీ గోడలు. చిత్రకారుడు తన పనిగదికి కోరుకునేది సరిగ్గా ఇదే. మూతపడిన బడుల్లోకి అందరికంటే ముందు కళాకారులు చేరడానికి చవక అద్దె ఒక కారణమైతే ఇది ఇంకో కారణం. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో 1890లలో రోమనెస్క్ పునరుజ్జీవన శైలిలో కట్టిన ఒక ప్రభుత్వ బడి 1963లో మూతపడింది. 1976లో అలానా హైస్ నాయకత్వంలో అది కళాకేంద్రంగా తెరుచుకుంది. పి.ఎస్. 1, అంటే పబ్లిక్ స్కూల్ నంబరు 1, అన్న బడి పేరునే ఉంచుకుంది. ఇప్పుడు మోమా (న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం) పేరు చేరి మోమా పి.ఎస్. 1. మొదటి ప్రదర్శనలో పాల్గొన్న 78 మంది కళాకారులు భవనానికి రంగులు వేసి తమ పనిని గోడలకు తగిలించలేదు. తరగతి గదులు, మెట్లు, నేలమాళిగ, పైకప్పు, ఏది దొరికితే దాన్నే ముడిసరుకుగా వాడుకున్నారు. గోర్డన్ మటా-క్లార్క్ మూడు అంతస్తుల్లో ఒకదాని కింద ఒకటిగా గుమ్మాల దగ్గరి నేలను కోసేశాడు. తర్వాతి దశకంలో జేమ్స్ టరెల్ అనే కళాకారుడు పై అంతస్తులోని ఒక తరగతి గది కప్పును చతురస్రంగా తెరిచి, చుట్టూ గోడలకు ఆనించి బల్లలు కట్టించాడు. కూర్చున్నవాళ్లకు తలెత్తితే ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించదు. గది లోపలికి వెలుగు రప్పించడమే పనిగా కట్టిన భవనాన్ని ఇంత సూటిగా చదివిన మార్పు మరొకటి వెతికినా దొరకదు.

అయితే మ్యూజియం అనగానే ఈ వెలుగే శత్రువవుతుంది. కాగితం, వస్త్రం, నీటిరంగుల చిత్రాల మీద 50 లక్స్‌కు (లక్స్ వెలుగును కొలిచే కొలత) మించి వెలుగు పడనివ్వకూడదన్నది మ్యూజియంలు సాధారణంగా పాటించే హద్దు. బడి కిటికీ పక్కన పగటిపూట దానికి ఎన్నో రెట్లు వెలుగు ఉంటుంది. చాలాచోట్ల దీనికి కనిపెట్టిన పరిష్కారం కిటికీలకు లోపలి నుంచి పలకల గోడ కట్టేయడం. బయటి నుంచి చూస్తే నిలువెత్తు కిటికీల వరుస, లోపలికి వెళ్తే గుడ్డి పెట్టె. చారిత్రక భవనం కావాలన్నది ఆ కిటికీల కోసమే అయినప్పుడు ఇది అర్థం లేని బేరం. తెరలు, వెలుగును చెదరగొట్టే అద్దాలు, వస్తువులను వంతులవారీగా మార్చడం వంటి ఉపాయాలు ఖర్చుతో కూడినవే కానీ ఉన్నాయి. వెలుగుకు తట్టుకోని వస్తువులే ఎక్కువగా ఉన్న సంస్థకు బడి భవనం సరైన ఎంపిక కాదని ముందే ఒప్పుకోవడం ఇంకా మేలు.

గాలి లెక్క ఇంత పైకి కనిపించదు. 19వ శతాబ్దం చివరికి అమెరికాలో ఒక్కో విద్యార్థికి నిమిషానికి 30 ఘనపుటడుగుల తాజా గాలి అందాలన్న ప్రమాణం స్థిరపడింది. యాభై మంది కూర్చునే గదికి నిమిషానికి 1,500 ఘనపుటడుగులు. అంత గాలిని కదిలించడానికి గోడల లోపల నిలువు సొరంగాలు కట్టారు, తలుపుల పైన తెరిచి మూసే వెంటిలేటర్లు పెట్టారు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆర్కిటెక్టు జాన్ హెన్రీ చాంబర్లేన్ గీసిన స్కూల్ బోర్డు బడులకు చర్చి శిఖరాల్లాంటి బురుజులు ఉండేవి. గదుల్లో వేడెక్కి చెడిన గాలి పైకి లేచి వాటి గుండా బయటికి పోయేది. 1877 నాటి ఊజెల్స్ స్ట్రీట్ బడి ఆ కోవలోదే. ఎర్ర ఇటుక, గోథిక్ తోరణాలు, పక్కన బురుజు. 20వ శతాబ్దంలో ఆ బురుజును కూల్చేశారు. లెవిట్ బెర్న్‌స్టీన్ అనే ఆర్కిటెక్టుల సంస్థ ఆ భవనాన్ని ఐకాన్ అనే కళా గ్యాలరీగా మార్చి 1998లో తెరిచినప్పుడు బురుజు మళ్లీ లేచింది. పాతదానిలా కట్టిన కొత్తది అసలుకు సమానమా అన్న పేచీ పరిరక్షణ నిపుణుల మధ్య ఎప్పుడూ ఉన్నదే. ఇక్కడ మాత్రం తూకం కట్టిన వైపే మొగ్గుతుంది. బురుజు లేని ఆ బడి రూపం సగంలో ఆగిపోయిన వాక్యంలా ఉండేది, ఎందుకంటే మిగతా ముఖభాగమంతా ఆ నిలువు గీతను నమ్ముకునే గీశారు.

గాలి లెక్కను ఎక్కువగా పాడుచేసింది భవనాన్ని మార్చినవాళ్లు కాదు, బడులను నడిపినవాళ్లే. 1970లలో చమురు ధరలు పెరిగి ఇంధన ఖర్చు గుదిబండ అయినప్పుడు, ఉత్తర అమెరికాలో ఎన్నో బడుల్లో కిటికీల పైభాగాన్ని పలకలతో మూసి, కింద చిన్న అల్యూమినియం కిటికీలు బిగించారు. అసలు కప్పుకు మూడు నాలుగు అడుగుల కింద తేలికపాటి పలకల కప్పు వేలాడదీశారు. అందుకే ఇలాంటి భవనం బాగుచేతలో మొదటి వారాల పని చేర్చడం కాదు, ఊడదీయడం. ఆ పలకలు దించితే పైన కిటికీ తోరణం, గార పూతలో తీర్చిన అంచులు, రంగు పూసి మూసేసిన వెంటిలేటరు బయటపడతాయి. గోడల్లోని పాత గాలి సొరంగాలు కూడా దొరికితే పండగే. కొత్త ఏసీ గొట్టాలు, కరెంటు తీగలు వాటిలో నుంచి తీసుకుపోవచ్చు, కప్పు కింద వేలాడదీయనక్కర లేదు.

ఇక నడవ. పాత బడి నడవలో రెండు నిమిషాలు నిలబడి చూస్తే కట్టినవాళ్ల మనసు తెలుస్తుంది. వెడల్పు చాలాచోట్ల పది అడుగులకు తగ్గదు. రెండు తరగతులు ఎదురెదురుగా వచ్చినా ఇరుక్కోకూడదు. గోడకు పిల్లల భుజం ఎత్తు వరకు గ్లేజు ఇటుకో, చెక్కో, గట్టి సిమెంటు పూతో ఉంటుంది. ఆ ఎత్తు దాకానే సంచులు రాసుకుంటాయి, చేతులు పాముతాయి. ఆ పైన మామూలు సున్నం. కోటు తగిలించే కొక్కేలు పెద్దవాళ్ల నడుము దగ్గర ఉంటాయి. మెట్ల ఎత్తు తక్కువ, పట్టుకునే కమ్మీ రెండు వరుసల్లో, ఒకటి టీచర్లకు, ఒకటి పిల్లలకు. రాతి మెట్టయితే రెండు చివరల్లో అరిగి గుంట పడి ఉంటుంది, మధ్యలో అంతగా అరగదు. ఎక్కేవాళ్లు ఒక కమ్మీ వైపు, దిగేవాళ్లు ఒక కమ్మీ వైపు వరుసగా నడిచిన ఆనవాలు అది. వీటిలో ఒక్కటీ అలంకారం కాదు. కొత్త సందర్శకుడికి ఇది ఒకప్పుడు బడి అని ఫలకం చదవకుండానే చెప్పేవి ఇవే.

ప్రజల భవనంగా మారినప్పుడు నడవకు ఇంకో పని వస్తుంది. ఒక గదిలో ప్రదర్శన, ఒక గదిలో కుట్టు తరగతి, ఇంకో గదిలో పింఛనుదారుల సమావేశం జరుగుతుంటే వీళ్లందరూ ఒకరికొకరు ఎదురుపడేది నడవలోనే. లోపలి వీధి అది. పెట్టుబడి లెక్కల్లో మాత్రం అద్దె రాని చోటు, వృథా చదరపుటడుగులు. అందుకే గదులను పెంచడానికి నడవ గోడను ముందుకు జరపడం, చివర్లను మూసి గదులుగా మార్చడం, మధ్యలో కౌంటరు పెట్టి ఆపేయడం పరిపాటి. అమెరికాలో చారిత్రక భవనాల బాగుచేతకు సమాఖ్య ప్రభుత్వం ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ ఇస్తుంది. దానికి అర్హతను పరిశీలించే సమాఖ్య సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ బడి నడవలను భవనం స్వభావాన్ని నిర్ణయించే భాగాలుగా లెక్కిస్తుంది. గదిని రెండు చేసినా సర్దుకుపోవచ్చు గానీ నడవను మింగేస్తే రాయితీకి ఎసరు వస్తుంది. గుత్తేదారులకు చిరాకు తెప్పించే నిబంధనే అయినా ఇంతకంటే తెలివైనది ఆ చట్రంలో ఇంకొకటి లేదు.

నడవను యథాతథంగా ఉంచడానికి అడ్డొచ్చేది డబ్బు ఒక్కటే అనుకుంటే పొరపాటు. నిప్పు భయం అంతకంటే బలమైన కారణం, న్యాయమైన కారణం కూడా. 1908 మార్చి 4న అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ పక్కన ఉన్న కాలిన్‌వుడ్‌లో ఒక బడి తగలబడి 172 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, కాపాడటానికి వెళ్లిన ఒకరు చనిపోయారు. మెట్ల కింద ఇరుకైన గుమ్మం దగ్గర పిల్లలు ఒకరి మీద ఒకరు పడిపోయారు. 1958 డిసెంబర్ 1న షికాగోలోని అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్ బడిలో నేలమాళిగ మెట్ల దగ్గర మొదలైన మంట తలుపుల్లేని మెట్ల దారి గుండా పైకి పాకి 92 మంది పిల్లలను, ముగ్గురు సన్యాసినులను బలిగొంది. ఆ భవనం పాతది కనుక కొత్త అగ్నిమాపక నియమాలు దానికి వర్తించలేదు. చట్టప్రకారం అంతా సక్రమమే.

బడి మరో వినియోగానికి మారిన రోజున పాతదన్న ఆ మినహాయింపు పోతుంది. సాధారణంగా ఇవాళ్టి నియమాలే వర్తిస్తాయి. మధ్యలో తెరిచి ఉన్న విశాలమైన మెట్లు ఆ భవనంలో అన్నిటికంటే అందమైనవి కావచ్చు, నిప్పు లెక్కలో అవే పొగగొట్టం. మామూలు పరిష్కారం మెట్ల చుట్టూ మంటను ఆపే గోడ కట్టి ఇనుప తలుపు పెట్టడం. దాంతో మెట్లు మిగులుతాయి గానీ కనిపించవు, జనం లిఫ్టు కోసం చూస్తారు. మంటను తట్టుకునే గాజు అడ్డుగోడలు వచ్చాక ఈ చిక్కు కొంత తీరింది. వాటికంటే చవకైన ఉపాయం అయస్కాంతపు పట్టు ఉన్న తలుపు. రోజంతా గోడకు అతుక్కుని తెరిచే ఉంటుంది, అలారం మోగగానే అయస్కాంతం వదిలేస్తుంది, తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఆర్కిటెక్టుల ఫొటోల్లో ఎప్పుడూ కనిపించని ఈ పరికరం ఎన్ని పాత బడుల నడవలను బతికించిందో!

బరువు విషయంలో బడి అందరూ అనుకునేంత దిట్టం కాదు. ఖాళీ బడిని చూడగానే గ్రంథాలయం చేద్దామన్న ఆలోచన సహజంగా వస్తుంది. పుస్తకాలకూ బడికీ చుట్టరికం ఉందని కాబోలు. ఇంజనీరు కాగితం వేరే మాట చెబుతుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం తరగతి గది నేల చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు మోస్తే చాలు, అంటే చదరపు మీటరుకు సుమారు 195 కిలోలు. గ్రంథాలయంలో పుస్తకాల అరలు బారులు తీరే చోట 150 పౌండ్లు మోయాలి, అంటే దాదాపు 730 కిలోలు. దాదాపు నాలుగు రెట్లు. చెక్క దూలాల మీద పలకలు పరిచిన పాత నేలకు ఇది మోయలేని భారం. అందుకని అరలను గది మధ్యలో కాక గోడల వెంట పెడతారు. గోడకు దగ్గరగా పెట్టిన బరువు వల్ల దూలం అంతగా వంగదు. నడవల నేలను మాత్రం ప్రమాణాలు మొదటి నుంచీ గదుల కంటే ఎక్కువ బరువుకే తయారుచేయమన్నాయి, పై అంతస్తుల్లో కూడా 80 పౌండ్లు. జనం గుంపుగా నిలబడే చోటు కదా.

జపాన్‌లోని క్యోటోలో ఈ సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1995లో మూతపడిన తాత్సుయికే ప్రాథమిక పాఠశాల 2006లో అంతర్జాతీయ మాంగా (జపాన్ బొమ్మల కథల) మ్యూజియంగా తెరుచుకుంది. సేకరణ సుమారు 3 లక్షల వస్తువులు. అందులో ఎక్కువ భాగాన్ని నేలమాళిగలో భద్రపరిచారు. ఎవరైనా తీసి చదువుకోగలిగే 50 వేల పుస్తకాలను మొత్తం 200 మీటర్ల పొడవున్న అరల్లో, ఎక్కువగా నడవ గోడల వెంటే పేర్చారు. చదువరులు అక్కడే చతికిలబడతారు, ఎండగా ఉంటే పుస్తకం పట్టుకుని ఒకప్పటి ఆటస్థలంలో పరిచిన పచ్చిక మీదికి వెళ్తారు. తరగతి గదిని పఠనమందిరం చేసి నడవను ఖాళీగా ఉంచడం అందరూ చేసే పని. ఇక్కడ నడవే పఠనమందిరం. మెట్లు అలాగే ఉన్నాయి, చెక్క నేల కిర్రుమంటుంది, ప్రధానోపాధ్యాయుడి గదిని చెక్కుచెదరకుండా ఉంచారు.

క్యోటో బడుల వెనుక ఇంకో కథ ఉంది. దేశమంతటికీ పాఠశాల చట్టం రాకముందే, 1869లో, ఆ నగరవాసులు పేటపేటకూ చందాలు వేసుకుని 64 బడులు పెట్టుకున్నారు. అవి పిల్లల చదువుకు మాత్రమే కట్టినవి కావు. పేట సమావేశాలు అక్కడే జరిగేవి, మంటలు కనిపెట్టడానికి కాపలా బురుజులూ ఉండేవి. కాబట్టి అలాంటి బడి తిరిగి ప్రజల చోటు కావడాన్ని మార్పు అనడం కంటే మొదటికి రావడం అనడమే సబబు. 1993లో మూతపడిన మెయిరిన్ బడి ఇప్పుడు క్యోటో ఆర్ట్ సెంటర్. 1931 నాటి కాంక్రీటు భవనం, కిమోనో వర్తకుల పేట. అంతస్తుల మధ్య మెట్లతో పాటు వాలు దారి కూడా ఉంది. జపాన్ పద్ధతిలో చాపలు పరిచిన విశాలమైన సభామందిరం ఉంది. ఆ రోజుల్లో పిల్లల బడికి అంత వైభవం ఎందుకంటే, డబ్బు పెట్టినవాళ్లే అక్కడ కూర్చునేవాళ్లు.

వాలు దారి ప్రస్తావన ఊరికే రాలేదు. పాత బడులకు అతి పెద్ద చిక్కు గుమ్మం దగ్గరే. తేమ తగలకుండా, బాయిలరు కింద ఉండేలా, నేలమాళిగకు కిటికీలు దొరికేలా మొదటి అంతస్తును నేల మీద నుంచి నాలుగైదు అడుగులు లేపి కట్టేవారు. ముందు దర్జాగా మెట్ల వరుస. చక్రాల కుర్చీకి అవి గోడతో సమానం. అంగుళం ఎత్తుకు 12 అంగుళాల వాలు చొప్పున, నాలుగు అడుగుల ఎత్తుకు 48 అడుగుల వాలు దారి కావాలి, మధ్యలో ఆగడానికి ఒక చదును. అంత పొడవును ముఖద్వారం ముందు పరిస్తే ముఖభాగం కనుమరుగవుతుంది. వెనుక వైపు పెడితే కొందరు మనుషులు ఎప్పటికీ పెరటి దారినే రావాలి, అది ప్రజల భవనానికి తలవంపు. ఐకాన్ గ్యాలరీ ఎంచుకున్న మార్గం వేరు. లిఫ్టునూ కొత్త మెట్లనూ పాత గోడల బయట గాజు అరల్లో నిలబెట్టారు. ఇటుకకు గండి కొట్టడం తక్కువ, కొత్తది కొత్తదిగానే కనిపిస్తుంది. గోథిక్ తోరణాల పక్కన గాజు పెట్టె ఏమిటని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు. పాత ఇటుకను అనుకరించిన లిఫ్టు గది అంతకంటే వంద రెట్లు వికారంగా ఉండేది.

బడిని బడి జ్ఞాపకానికే అంకితం చేయడం ఇంకో దారి. జపాన్‌లోని మత్సుమోతోలో ఉన్న కైచీ పాఠశాల అందుకు అతి ప్రసిద్ధ ఉదాహరణ. తతెయిషి సెయిజు అనే వడ్రంగి 1876లో పాశ్చాత్య భవనాలను చూసి వచ్చి తన చేతి ఒడుపుతో కట్టాడు. రాతి మూలల్లా కనిపించేవి నిజానికి సున్నపు పూత, గుమ్మం పైన దేవదూతలూ డ్రాగనూ పక్కపక్కనే, కప్పు మీద ఎనిమిది పలకల బురుజు. 1960ల ఆరంభం దాకా పిల్లలు చదివారు, ఆ తర్వాత భవనాన్ని వేరే స్థలానికి మార్చి మ్యూజియం చేశారు, 2019లో జాతీయ సంపదగా ప్రకటించారు. చూడముచ్చటైన కట్టడమే, కానీ భద్రంగా ఉన్నది వస్తువు. కదలిక వేరు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1915 నాటి కెన్నెడీ బడి దీనికి సరిగ్గా అవతలి కొస. 1997లో హోటలైంది, పడకగదుల్లో నల్లబల్లలు ఉంచారు, సభామందిరం సినిమా హాలు. నల్లబల్ల అలంకారం కాస్త అతి అనిపించినా, చుట్టుపక్కల జనం సాయంత్రాలు ఆ నడవల్లో తిరుగుతున్నారు.

సామాజిక వినియోగాన్ని ప్లానులోనే గీసుకున్న బడులు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఉన్నాయి. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ ఆలోచన, వ్యాపారవేత్త జూలియస్ రోసెన్‌వాల్డ్ విరాళం కలిసి 1912 నుంచి 1932 మధ్య 15 రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5 వేల బడులు లేచాయి. పేద రైతు కుటుంబాలు ఈ బడుల కోసం పోగుచేసిన మొత్తం రోసెన్‌వాల్డ్ ఇచ్చినదానికంటే ఎక్కువ. చాలా ఊళ్లకు కరెంటు లేదు. అందుకే భవనాన్ని ఏ దిక్కుకు తిప్పి కట్టాలో, కిటికీల గుత్తి ఎటు పెట్టాలో నమూనా ప్లాన్లలోనే రాసి ఇచ్చారు. రెండు తరగతి గదుల మధ్య గోడ బదులు కదిలే చెక్క అడ్డం ఉండేది. పగలు మూసి ఉంటే రెండు తరగతులు. సాయంత్రం పక్కకు నెడితే ఊరి సభకు హాలు. 2002లో చారిత్రక కట్టడాల పరిరక్షణకు పనిచేసే నేషనల్ ట్రస్ట్ ఈ బడులను ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. మిగిలినవి దాదాపు పదో వంతు. వాటిలో సామాజిక కేంద్రాలుగా నిలిచినవాటికి ఆర్కిటెక్టు చేయాల్సింది తక్కువ. పైకప్పు, పునాది, కరెంటు, మరుగుదొడ్డి. ఆ అడ్డాన్ని మళ్లీ కదిలేలా చేస్తే మిగతా ప్లాను వందేళ్ల కిందటే సిద్ధం.

చట్టం వీటిలో దేన్ని కాపాడుతుందన్నది వేరే ప్రశ్న. న్యూయార్క్ బడుల నిర్మాణ అధికారిగా 1891 నుంచి 1923 వరకు పనిచేసిన సి. బి. జె. స్నైడర్ ఆంగ్ల అక్షరం హెచ్ ఆకారంలో బడులు గీశాడు. ఇరుకు వీధుల మధ్య స్థలంలో కూడా రెండు వైపులా ముంగిళ్లు దొరికి, గదులన్నిటికీ వెలుగు అందేది. ఈస్ట్ విలేజ్‌లో 1906 నాటి పి.ఎస్. 64 ఆ కోవలోదే. సభామందిరంలోకి వీధి నుంచే నేరుగా దారి పెట్టారు, చదువు గంటలు ముగిశాక పెద్దల ఉపన్యాసాలకు వాడాలని. 1970లలో బడి మూతపడ్డాక స్థానికులు దాన్ని సాంస్కృతిక కేంద్రంగా ఇరవై ఏళ్లకు పైగా నడిపారు. 1998లో నగరం భవనాన్ని వేలం వేసింది, 2001లో ఆ కేంద్రాన్ని ఖాళీ చేయించారు. 2006లో దానికి రక్షిత కట్టడం హోదా దక్కింది. ఆ నగర నియమాల్లో బయటి రూపానికి ఇచ్చే రక్షణ వేరు, లోపలి భాగానికి ఇచ్చేది వేరు. పి.ఎస్. 64కు వచ్చింది మొదటిది. ఆ తర్వాత కూడా భవనం ఏళ్ల తరబడి తాళం వేసే ఉంది. ఇటుక ముఖభాగాన్ని అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. వీధి నుంచి హాలులోకి, హాలు నుంచి నడవల్లోకి జనం వెళ్లే దారికి అలాంటి అడ్డేమీ లేదు.